ఏ పోగు లాగితే ఏది కదులుతుంది?

జర్మన్ నేర్చుకున్న మొదటి ఏడాది నా దగ్గర మూడు రంగుల పెన్నులుండేవి. ముందు దెర్ అనే ఆర్టికల్ వచ్చే (పుంలింగ) నామవాచకాలకి నీలం, దీ (స్త్రీలింగం) వచ్చేవాటికి ఎరుపు, దస్ (నపుంసకలింగం) వచ్చేవాటికి ఆకుపచ్చ. హైదరాబాద్‌లో నేను చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో పద్ధతే అది. రోజుకి ముప్పై మాటలు, పక్కన ఇంగ్లీషు అర్థం, శనివారం టెస్టు. గ్రామర్‌కి వేరే నోట్సు. ఉచ్చారణకి వేరే క్లాసు, అది రెండుసార్లే జరిగింది. బీ1 అనే మధ్యస్థాయి పరీక్ష పాసయ్యాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. జర్మనీలోని లైప్జిగ్‌లో దిగిన మొదటి వారంలో తెలిసింది, నా దగ్గర రెండువేల జర్మన్ మాటలున్నాయి గానీ జర్మన్ లేదని.

ఫ్లాట్‌లో నాతో ఉండే అమ్మాయి టీ కలుపుకుంటూ ఏదో చెబుతోంది. "ఇష్ నేమె ఇమ్ వింటర్ ఇమర్ ఐన్ పార్ కీలో..." అని ఆగి ఒక గుక్క తాగింది. నేమె అంటే తీసుకుంటాను, నోట్సులో ఉంది. చలికాలంలో ఎప్పుడూ కొన్ని కిలోలు తీసుకుంటుందట. తీసేస్తుందని నేనే సర్దుకుని, "చాలా మంచిది" అని నవ్వాను. అప్పుడు వాక్యం పూర్తి చేసింది: "త్సూ." బరువు పెరుగుతుందట. అదే చోట "అబ్" అని ఉంటే తగ్గుతుంది. త్సూ నా నోట్సులో ఉంది, అబ్ కూడా ఉంది, మూడూ వేర్వేరు పేజీల్లో.

ఆ ఇన్‌స్టిట్యూట్‌ని తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. కొంచెం అందుకే కూడా. అసలు కారణం వేరే ఉంది. నేను ఆ తర్వాత భాషాశాస్త్రం వైపు వెళ్లాను. అక్కడ ప్రతి రెండో పుస్తకం "భాష ఒక వ్యవస్థ, అందులో అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి" అని మొదలయ్యేది. నా మూడు రంగుల పెన్నుల గాయం మీద మందు రాసినట్టుండి మొదట్లో ఆ మాట ఎంతో నచ్చింది. తర్వాత అనుమానం మొదలైంది. అన్నీ అన్నిటితో ముడిపడి ఉన్నాయనడానికి చదువు అక్కర్లేదు, ఏ స్వామీజీ అయినా అంటారు. ఏది దేనితో ముడిపడి ఉంది, దీన్ని లాగితే అక్కడ ఏం కదులుతుంది, ఏది కదలదు? ఈ ప్రశ్నలకి జవాబు చెప్పిన చోటే జర్మన్ భాషాశాస్త్రం గొప్పది. చెప్పకుండా "మొత్తం" అనే మాటకి దణ్ణం పెట్టిన చోట అది పనికిరాలేదు, ఒక్కోసారి ప్రమాదకరంగా కూడా మారింది.

ఈ కథ మామూలుగా విల్‌హెల్మ్ ఫన్ హుంబోల్ట్‌తో మొదలవుతుంది. బెర్లిన్ విశ్వవిద్యాలయం పుట్టుకకి కారకుడైన మనిషి. 1820లో బెర్లిన్ అకాడమీలో భాషల తులనాత్మక అధ్యయనం గురించి మాట్లాడుతూ, మనిషి ఒక్క పదాన్ని నిజంగా అర్థం చేసుకోవాలన్నా, భాష మొత్తం దాని అల్లికతో సహా అప్పటికే అతనిలో ఉండి తీరాలన్నాడు. భాషలో ఒంటరిది అంటూ ఏదీ లేదన్నాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు చిరాకేసింది. భాషంతా ఉంటే గానీ మాట అర్థం కాదు, మాటలు రాకుండా భాష రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

కానీ హుంబోల్ట్ ఇంకో చోట జాగ్రత్తగానే ఉన్నాడు. జావా ద్వీపంలోని "కవి" అనే పాత సాహిత్య భాష మీద ఆయన రాసిన పెద్ద పుస్తకానికి పీఠిక ఆయన పోయాక 1836లో అచ్చయింది. అందులో భాషని ఒక మహా నేతతో పోలుస్తాడు. ప్రతి భాగానికీ మిగతా భాగాలతో, అన్నిటికీ మొత్తంతో, "ఎక్కువో తక్కువో స్పష్టంగా" కనిపించే సంబంధం ఉంటుందంటాడు. అందరూ నేత దగ్గర ఆగిపోతారు. నాకు ఆ "ఎక్కువో తక్కువో" ముఖ్యం. మంగళగిరిలో మా మేనత్త వాళ్ల పక్కింట్లో మగ్గం ఉండేది. పేక పోగు తెగితే ముడేసి నేసుకుంటూ పోయేవాళ్లు. పడుగు పోగు తెగిన సంగతి చూసుకోకపోతే మాత్రం ఆ గీత చీర పొడుగునా వచ్చేది. ఏ పోగూ ఒంటరిది కాదు, నిజమే. కానీ అన్ని పోగులూ ఒకటి కాదు.

జర్మన్‌లో పడుగు పోగు లాంటిది ఒకటుంది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

సంస్కృతంలో భ్రాతా, పితా, మాతా. మూడింటిలోనూ నడుమ ఉన్నది త. యాకొబ్ గ్రిమ్ 1822లో చెప్పిన ధ్వని సూత్రం ప్రకారం మూలభాషలోని (సంస్కృతమూ జర్మనూ పుట్టిన పాత భాషలోని) త, జర్మన్, ఇంగ్లీషు లాంటి జర్మానిక్ భాషల్లో థకి దగ్గరి ఊదుడు ధ్వని కావాలి. అన్నదమ్ముడి మాటలో అయింది. తండ్రి మాటలో కాలేదు, అక్కడ ద కనిపిస్తుంది. ఆ ధ్వనులు తర్వాత ఇంకోసారి మారినా, ఆ తేడా ఇప్పటి జర్మన్‌లో కూడా ఉంది: బ్రూడర్‌లో డ, ఫాటర్‌లో ట, ముటర్‌లో ట. (ఇంగ్లీషులో బ్రదర్, ఫాదర్ ఒకేలా ఉండటం తర్వాత వచ్చిన సర్దుబాటు.) యాభై ఏళ్లపాటు దీన్ని మినహాయింపు అనుకుని వదిలేశారు. 1875లో కార్ల్ వెర్నర్ అనే డెన్మార్క్ పండితుడు జర్మన్‌లో రాసిన వ్యాసంలో కారణం చూపించాడు. వేదస్వరం, అంటే వేదం చదివేటప్పుడు గొంతు ఏ అక్షరం మీద పైకి లేస్తుందో చూడమన్నాడు. భ్రాతృ శబ్దంలో ఉదాత్తం (ఆ పైకి లేచే స్వరం) మొదటి అక్షరం మీద ఉంది. పితృ, మాతృ శబ్దాల్లో రెండో అక్షరం మీద ఉంది. స్వరం సరిగ్గా ముందున్న అక్షరం మీద పడితే ఆ ధ్వని అలాగే ఉండిపోయింది, పడకపోతే నాదం కలిసి మెత్తబడింది. అంతే.

నేను ఇది చదివింది లైబ్రరీలో. చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. వేదం చెప్పేవాళ్ల గొంతులో పైకీ కిందకీ ఊగే స్వరానికీ, నా ఫ్లాట్‌మేట్ తన తండ్రిని పిలిచే మాటలోని టకారానికీ లంకె! "అన్నీ ముడిపడి ఉన్నాయి" అన్నవాళ్లెవరూ నాకు ఈ ముడి చూపించలేదు. మినహాయింపుని మినహాయింపుగా వదలనని మొండికేసిన మనిషి చూపించాడు.

ఆ పోగు అక్కడితో ఆగదు. తర్వాత జర్మానిక్ భాషల్లో స్వరం దాదాపు అన్ని మాటలకీ మొదటి అక్షరం మీదికి వచ్చి బిగుసుకుపోయింది. వెర్నర్ చూపిన కారణం చెరిగిపోయి ఆనవాలు మాత్రం మిగిలింది. బలమంతా మొదటి అక్షరానికే పోవడంతో చివరి అక్షరాలు అరిగిపోయాయి. పాత జర్మన్‌లో టాగ్ అంటే రోజు, బహువచనంలో ప్రథమకి టగ, షష్ఠికి టగొ, చతుర్థికి టగుమ్. మూడు విభక్తులు మూడు అచ్చులతో తెలిసేవి. ఇప్పుడు టాగె, టాగె, టాగెన్. అచ్చులన్నీ అరిగి ఒకే "ఎ" అయిపోయాయి. నామవాచకం తన విభక్తిని తాను చెప్పుకోలేని స్థితికి వచ్చేసరికి ఆ బరువు ముందున్న దెర్, దెస్, దెమ్, దెన్‌ల మీద పడింది. మూడు పెన్నులతో నేను రంగులు వేసుకున్న ఆ చిన్న ముక్కలు జర్మన్‌లో అంత పని ఎందుకు చేస్తున్నాయో అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. అరుగుదల ముందా, ఆర్టికల్ ముందా అని పండితులు వాదించుకుంటారు. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయనుకోవడమే నాకు సబబుగా ఉంది.

ఇంకో కొస ఉమ్లౌట్, అంటే తర్వాతి అక్షరం ప్రభావంతో అచ్చు మారడం. గస్ట్ అంటే అతిథి. పాత జర్మన్‌లో బహువచనం గెస్టి. చివరనున్న ఇకారం వెనక్కి తిరిగి అకారాన్ని తనవైపు లాక్కుంది. ఇది మనకి కొత్త కాదు. కత్తి అంటాం, బహువచనంలో కత్తిలు అనం, కత్తులు అంటాం. పులి, పులులు. చివరి ఉకారం వెనకున్న ఇకారాన్ని తనలాగా మార్చేసుకుంటుంది. తేడా ఏమిటంటే మన "లు" క్షేమంగా ఉంది. జర్మన్‌లో ఆ ఇకారం కూడా అరిగి ఎకారమైపోయింది. మారిపోయిన అచ్చు మాత్రం మిగిలింది. ఒకప్పుడు ఉచ్చారణ సౌకర్యం కోసం వచ్చిన మార్పు ఇప్పుడు బహువచనానికి గుర్తు అయి కూర్చుంది: గస్ట్, గెస్టె. ఆ తర్వాతది ఇంకా తమాషా. బౌమ్ అంటే చెట్టు. దాని బహువచనంలో ఇకారం ఎన్నడూ లేదు, అచ్చు మారడానికి ధ్వనిపరంగా ఏ కారణమూ లేదు. అయినా ఇప్పుడు బొయ్‌మె అంటారు. గుర్తు ఒకసారి వ్యవస్థలో చేరాక, అర్హత లేని మాటలు కూడా దాన్ని పెట్టుకున్నాయి.

ఉచ్చారణకి వేరే క్లాసు, గ్రామర్‌కి వేరే నోట్సు అన్నాను కదా. గీత అక్కడ గీయకూడదని నేను అనడం ఇందుకే.

లైప్జిగ్ పండితుల గురించి ఒక మాట. 1878లో ఒస్ట్‌హోఫ్, బ్రుగ్‌మన్ ధ్వని సూత్రాలకి మినహాయింపులు లేవని ప్రకటించారు. వాళ్లు భాషని ముక్కలు చేసి ఒక్కో ధ్వని చరిత్ర విడిగా రాసుకున్నారని తర్వాతి తరం వెక్కిరించింది. కొంత నిజమే. కానీ వాళ్ల మొండితనమే కారణాన్ని ఇంకెక్కడో వెతికేలా చేసింది. ఆ ఊళ్లోనే చదువుకున్న జెనీవా కుర్రాడు సస్యూర్, 21 ఏళ్ల వయసులో, మూలభాష అచ్చుల వ్యవస్థ మీద పుస్తకం అచ్చేశాడు. ఏ భాషలోనూ నేరుగా కనిపించని కొన్ని ధ్వనులు ఒకప్పుడు ఉండి తీరాలని, వ్యవస్థలోని ఖాళీలని బట్టి లెక్కగట్టాడు. ఆయన 1913లో పోయాడు. 1927లో పోలండ్ పండితుడు కురిలోవిచ్, ఇప్పటి టర్కీ ప్రాంతపు పాత భాష హిట్టైట్‌లో ఆ చోట్లలో ఒక హకారం ఉందని చూపించాడు. వ్యవస్థ అనే మాటకి నేను ఇచ్చే అతి పెద్ద గౌరవం ఈ ఒక్క సంగతి వల్లే.

గేయోర్గ్ ఫన్ దెర్ గాబెలెన్ట్స్‌కి ఇలాంటి ఆశే ఇంకా పెద్ద ఎత్తున ఉండేది. చైనీస్ వ్యాకరణం రాసిన మనిషి, భాషాశాస్త్రం మీద ఆయన పుస్తకం 1891లో వచ్చింది. ఆయన పోయాక 1901లో వచ్చిన రెండో కూర్పులో, ప్రతి భాషా ఒక వ్యవస్థ, దాని భాగాలన్నీ కలిసి పనిచేస్తాయని ఉంటుంది. ఒక భాషని నిలదీసి "నీకు ఈ లక్షణం ఉంది కాబట్టి ఆ లక్షణమూ ఉండాలి" అనగలిగితే అది ఎంత గెలుపో అని మురిసిపోతాడు. ఆ విద్యకి టైపాలజీ అని పేరు కూడా పెట్టాడు. పాపం, ఆయన పోయాక 1894లో అచ్చయిన వ్యాసంలో అది అచ్చుతప్పు పడి హైపాలజీ అయింది.

ఆ పరీక్షకి తెలుగు మంచి విద్యార్థి. క్రియ చివర ఉంది కాబట్టి విభక్తి నామం వెనక ఉండాలి, విశేషణ వాక్యం నామం ముందుండాలి. ఉన్నాయి. జర్మన్ మాత్రం అల్లరి పిల్ల. క్రియ ప్రధాన వాక్యంలో రెండో చోట, ఉపవాక్యంలో చివర. "కంపెనీ నిన్న పంపిన బిల్లు" అని మనం అన్నట్టే, అదే వరసలో, అదే అల్లికతో జర్మన్ ఆఫీసు ఉత్తరాల్లో ఉంటుంది. క్లాసులో స్పానిష్ కుర్రాడు దాన్ని చూసి తల పట్టుకునేవాడు, నేను కళ్లు మూసుకుని చదివేదాన్ని. కానీ ఇంకో వాక్యంలో అదే బిల్లుకి వెనక తోకలా ఉపవాక్యం తగిలిస్తారు. రెండూ జర్మనే.

ఈ గందరగోళానికి నాకు బాగా నచ్చిన వివరణ 1937లో అచ్చయిన పుస్తకంలో ఎరిష్ ద్రాఖ్ వేసిన దారి. ఆయన వాక్యాన్ని కర్త, కర్మ అని కాకుండా చోట్లుగా చూశాడు. తర్వాతివాళ్లు దాన్ని సానపట్టారు. జర్మన్ వాక్యానికి పుస్తకానికున్నట్టు రెండు అట్టలుంటాయి. నేమె ముందు అట్ట, త్సూ వెనక అట్ట, కిలోలూ చలికాలమూ వాటి మధ్య పేజీలు. "వైల్" అంటే ఎందుకంటే. ఆ మాట వస్తే ముందు అట్ట చోటులో అది కూర్చుంటుంది. క్రియకి అక్కడ జాగా లేక వెనక్కి పోయి తన విడిపోయిన ముక్కతో కలిసిపోతుంది: త్సూనేమె. విడిపోవడం మాకు ఏడో పాఠం, వైల్ తర్వాత క్రియ చివరికి పోవడం పద్నాలుగో పాఠం. రెండూ ఒకటే సంగతి అని ఎవరూ అనలేదు.

మాటల అర్థాల దగ్గరికి వస్తే పని కష్టమవుతుంది. యోస్ట్ ట్రీర్ 1931లో జ్ఞానానికి సంబంధించిన జర్మన్ మాటలన్నీ ఒక పొలంలా చూపించాడు. ఒకదాని గట్టు జరిగితే పక్కదాని గట్టూ జరుగుతుంది. 1200 ప్రాంతంలో కున్‌స్ట్ పెద్దింటి విద్య, లిస్ట్ చేతి నేర్పు, రెండిటినీ కప్పేది వీస్‌హైట్. ఒక శతాబ్దం గడిచేసరికి లిస్ట్ ఈ పొలంలోంచి తప్పుకుంది, ఇప్పుడు దాని అర్థం జిత్తు. మార్కుల ఉదాహరణ ఈ బడివాళ్లకి ఇష్టం. నా మొదటి సెమినార్ పేపర్‌కి "బెఫ్రీడిగెండ్" వచ్చింది. అంటే తృప్తికరం. అమ్మకి ఫోన్ చేసి సంతోషంగా చెప్పాను. ఐదు మెట్లలో పైనుంచి మూడోదని తర్వాత తెలిసింది. ఇక్కడిదాకా ట్రీర్ చెప్పింది నిజం. కానీ ఖాళీ లేకుండా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా పలకలు పేర్చినట్టు మాటలుంటాయన్న చిత్రం మరీ శుభ్రంగా ఉందని తర్వాతివాళ్లు తప్పుపట్టారు. నేనూ వాళ్లతోనే. మార్కుల పట్టీ ఎవరో కూర్చుని తయారు చేసింది, మాటలు అలా పుట్టవు.

అయినా ఒక చోట ఆ గట్లు కళ్లకి కనిపిస్తాయి. ఉద్యోగంలో చేరిన మొదటి నెల. పన్నెండు కావస్తుండగా పక్క సీటు ఆవిడ లేచి "వీర్ గేఎన్ యెట్స్ట్ ఎసెన్" అంది. భోజనానికి వెళ్తున్నారు. వీర్ అంటే మేమా, మనమా? మనకి పక్కన "మనం" ఉంది కాబట్టే "మేము" అనగానే ఎదుటివాళ్లు బయట నిలబడతారు. జర్మన్‌కి ఆ గట్టు లేదు. నేను కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చుండిపోయాను. వాళ్లు తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశారు.

ఇక "మొత్తం" దారి తప్పిన చోటు. లేయో వైస్‌గెర్బర్ హుంబోల్ట్‌ని పట్టుకుని, మాతృభాష ఒక జాతి ప్రపంచాన్ని చూసే చూపుని తయారు చేస్తుందని 1920ల నుంచీ రాశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో, రెన్ నగరం నుంచి అక్కడి బ్రెటన్ భాష రేడియో కార్యక్రమాలు నడిపాడు. యుద్ధం తర్వాత కూడా పశ్చిమ జర్మనీలో ఆయన మాట చాలాకాలం చెల్లింది. 1950ల చివర్లో ఆయన ఒక వాదన పెట్టాడు. "ఒకరికి సరుకు ఇవ్వడం" అనే చతుర్థి వాక్యం బదులు "ఒకరిని సరఫరా చేయడం" లాంటి ద్వితీయ వాక్యాలు పెరుగుతున్నాయి, భాష మనిషిని వస్తువుగా మారుస్తోంది అని. వినడానికి ఎంత బాగుందో! ఆ రోజుల్లో చాలామంది తలూపారు. 1960లో హెర్బర్ట్ కోల్బ్ "అమానుష ద్వితీయ" అని ఆ వాదననే శీర్షికలో పెట్టి దాన్ని విప్పి చూపించాడు. ఆ జవాబు అటుంచి, ఎవరైనా రెండు నిమిషాలు ఆలోచిస్తే చాలు. జర్మన్‌లో ప్రేమించడానికి ద్వితీయ, బెదిరించడానికి చతుర్థి. మనకీ దాదాపు అంతే: నన్ను ప్రేమిస్తారు, నాకు హాని చేస్తారు. విభక్తికీ కరుణకీ లంకె లేదు. ఇక్కడ పోగు లేదు, ఉన్నట్టు ఊహించుకున్నారు.

విభక్తికి లంకె ఉన్నది క్రియతో. కార్ల్ బ్యూలర్ 1934లో, కొన్ని మాటలు తమ చుట్టూ ఖాళీ చోట్లు తెరుస్తాయన్నాడు. ఫ్రాన్స్‌లో తెన్యేర్ దానికి రసాయనశాస్త్రం నుంచి వేలెన్సీ అనే పేరు తెచ్చాడు. 1969లో లైప్జిగ్‌లో హెల్బిగ్, షెంకెల్ జర్మన్ క్రియల వేలెన్సీ నిఘంటువు వేశారు. హెల్బిగ్ పనిచేసింది విదేశీ విద్యార్థులకి జర్మన్ నేర్పే సంస్థలో. తూర్పు జర్మనీకి వచ్చిన, నాలాంటి పరదేశీల కోసం పుట్టిన పుస్తకం. ఈ క్రియ ఎన్ని చోట్లు తెరుస్తుంది, ఒక్కో చోట ఏ విభక్తి రావాలి, ఏది వదిలేసినా పరవాలేదు? ఆత్మల గొడవ లేదు, ప్రపంచ దృష్టి లేదు. నా మూడు పెన్నులకి బదులు ఆ పుస్తకం చేతిలో పెట్టి ఉంటే!

నాన్న తెనాలిలో తెలుగు మాస్టారు. ఫోన్‌లో ఇది చెప్పాను. "ఇచ్చాడు అనగానే ఎవరు, ఏమిటి, ఎవరికి అని మనసు అడుగుతుంది, అదేగా? దాన్నే ఆకాంక్ష అంటారమ్మా. వాళ్లేం కొత్తగా చెప్పారు?" అన్నారు. మనవాళ్లు ఎప్పుడో చెప్పారనే వాదన నాకు పడదు. ఆకాంక్ష అనేది మాట విన్నవాడి జిజ్ఞాస గురించి, వేలెన్సీ ఒక్కో క్రియకి జాబితా రాసే పని గురించి. కానీ మాట భలే కుదిరింది. క్లాసులో ఆరు నెలలు చెప్పినా ఎక్కనిది నాన్న ప్రశ్నతో ఎక్కింది.

తెలుగువాళ్లకి ఇందులో కొంత ఉచితంగా వస్తుంది. నాకు చలిగా ఉంది, నాకు నచ్చింది, నాకు సాయం చేశాడు: మూడింటికీ జర్మన్‌లోనూ "మీర్", చతుర్థే. కొంత ఎదురు తిరుగుతుంది. నిన్ను నమ్ముతాను అంటాం, వాళ్లు నీకు నమ్ముతారు. నీకు ఫోన్ చేస్తాను అంటాం, వాళ్లు "దిష్" అంటారు, నిన్ను ఫోన్ చేస్తారు. ఈ ఒక్కటి నాకు ఎనిమిదేళ్లయినా పట్టుబడలేదు. తొందరలో ఉంటే నోటికి "దీర్" (నీకు) వచ్చేస్తుంది. నాలుకకి తగిలించుకున్న జర్మన్ కింద మొత్తం తెలుగు కూర్చుని ఉంది, హుంబోల్ట్ అన్నట్టు, అల్లికతో సహా.

పోయిన నెల కొత్తగా చేరిన కొలీగ్‌తో మీటింగ్ అయ్యాక లేస్తూ "సాయంత్రం నీకు ఫోన్ చేస్తాను" అన్నాను, అదే తప్పుతో. అనగానే నాలుక కరుచుకున్నాను. అతను నైరుతి మూల, స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరివాడు. మొహం వెలిగిపోయింది. వాళ్ల వైపు అందరూ చతుర్థే వాడతారట, ఇక్కడివాళ్లు తనని సరిదిద్దుతుంటారట.

"నువ్వు జర్మన్ మా వైపే నేర్చుకున్నావా?" అని అడిగాడు.

"కాదు," అన్నాను, "తెనాలిలో."